నాలుగు గ్రంథాలయాలు – ఒక తెలుగు బీరువా

మన పత్రికలో యాత్రావ్యాసం అంటే తిరుమలో, శ్రీశైలమో, కాశీయో అయి ఉంటుందని పాఠకులు అనుకోవడం సహజం. ఈసారి నేను చెప్పబోయేది చెన్నైలో మూడు రోజులు గ్రంథాలయాలు చూసివచ్చిన సంగతి. సెలవు చీటీ మీద కారణం చూసి మా శాఖలో ఒక మిత్రుడు, "గ్రంథాలయంలో చూడ్డానికేముందండీ? నాలుగు బీరువాలు, ఒక ఫ్యాను" అని నవ్వాడు. తిరిగి వచ్చాక ఆయనకు చెప్పిందే ఇక్కడ మీకూ చెబుతున్నాను.

మాది వేలూరు ప్రాంతం. మూడు తరాల నుంచీ ఇక్కడే ఉన్నాం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బ్యాంకులో ఇంగ్లీషు. మా అమ్మాయి చెన్నైలో ఒక విశ్వవిద్యాలయంలో ఎం.కాం. చదువుతోంది. వాళ్ళ గ్రంథాలయాన్ని ఈమధ్యనే ఆధునికం చేశారట. "నాన్నా, మా లైబ్రరీ మీ హెడ్డాఫీసు కన్నా బాగుంటుంది, వచ్చి చూడు" అని ఫోన్లో ఊరించింది. ఎలాగూ వెళ్తున్నాను కదా, మిగతావి కూడా చూద్దామని కాట్పాడిలో రైలెక్కాను.

చెన్నై సెంట్రల్లో దిగినవారికి ఒక సౌకర్యం ఉంది. పక్కనే పార్క్ టౌన్ స్టేషన్లో ఎత్తు వంతెనల మీద నడిచే రైలు ఎక్కితే చేపాక్కం, కొట్టూరుపురం రెండూ అదే దారిలో వస్తాయి. ఆ రైలును అక్కడివాళ్ళు 'పరక్కుం రయిల్' అంటారు, అంటే ఎగిరే రైలు. ఎగ్మూరుకు మాత్రం వేరే రైలు మార్గం. పార్క్ స్టేషను నుంచి ఒక్క స్టేషనే.

మొదట చేపాక్కం. మద్రాసు విశ్వవిద్యాలయం 1857లో పుట్టింది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడేదాకా సర్కారు జిల్లాలవాళ్ళూ, రాయలసీమవాళ్ళూ పట్టా పుచ్చుకున్నది ఇక్కడే. మన తాతల కాలంలో బి.ఏ. అంటే మద్రాసు బి.ఏ.యే. సముద్రానికి ఎదురుగా సెనేట్ హౌసు, ఎర్రటి భవనాలు, వాటి నడుమ 1936లో కట్టిన గ్రంథాలయ భవనం. గ్రంథాలయాలను గురించి నేడు మనం మాట్లాడే మాటల్లో సగం ఈ విశ్వవిద్యాలయంలోనే పుట్టాయంటే అతిశయోక్తి కాదు. కారణం ఎస్.ఆర్. రంగనాథన్ గారు.

ఆయన ప్రెసిడెన్సీ కళాశాలలో లెక్కల మాస్టారు. 1924లో ఈ విశ్వవిద్యాలయానికి మొదటి గ్రంథాలయాధికారి అయ్యారు. చేరిన కొద్ది రోజులకే ఒంటరితనం భరించలేక, తిరిగి పాఠాలు చెప్పుకుంటానని పాత కళాశాలకు వెళ్ళి బతిమాలుకున్నారు. ముందు ఇంగ్లండు వెళ్ళి గ్రంథాలయ శాస్త్రం చదివి రండి, అప్పటికీ విసుగనిపిస్తే చూద్దామన్నారు. అక్కడ గ్రంథాలయాలు చూశాక ఆయన మనసు మారింది. లండన్లో ఒక పెద్ద అంగడిలో పిల్లల బొమ్మల పెట్టె చూశారు. అవే బద్దలూ, అవే మరలూ, ఎన్ని రకాల బొమ్మలైనా కట్టవచ్చు. పుస్తకాల విషయాలను కూడా అలాగే ముక్కలుగా విడదీసి కలపవచ్చునన్న ఆలోచన అందులోంచి వచ్చింది. అదే 1933లో ప్రకటించిన కోలన్ వర్గీకరణ. 1931లో ఆయన రాసిన అయిదు సూత్రాలు గ్రంథాలయ శాస్త్రం చదివే ప్రతివారికీ మొదటి పాఠం. వాటి సారం మన మాటల్లో చెప్పాలంటే, పుస్తకం దాచడానికి కాదు వాడుకోవడానికి. చదివేవాడికి తగిన పుస్తకం దొరకాలి. పుస్తకానికి తగిన పాఠకుడూ దొరకాలి. వచ్చినవాడి సమయం వృథా కాకూడదు. గ్రంథాలయం పెరుగుతూ ఉండాలి.

మూడో సూత్రం దగ్గర నా ఆలోచన ఆగింది. పాఠకుడికి పుస్తకం కావాలని ఎవరైనా అంటారు. పుస్తకానికి కూడా పాఠకుడు కావాలని అనడానికి ఒక లెక్కల మాస్టారు కావలసి వచ్చింది. ఆ మాట ఎందుకు అంత ముఖ్యమో మూడో రోజున బోధపడింది. అది తర్వాత చెబుతాను.

మనవాళ్ళకు ఇంకో సంబంధం కూడా ఉంది. రంగనాథన్ గారు ఏళ్ళ తరబడి పాటుపడగా 1948లో మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను వసూలు చేయడం అప్పుడు మొదలైంది. అప్పటికి ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనివే. అంతకు ముందే మనవాళ్ళు ఏ చట్టమూ లేకుండా ఊరూరా గ్రంథాలయాలు పెట్టుకున్నారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం వెలిశాయి. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. 1935లో కృష్ణా కాలువల్లో పడవ మీద పుస్తకాలు తిప్పారు. ఏసీ గది లేదు, మెత్తటి కుర్చీ లేదు. అయినా కాలువగట్టున జనం పడవ కోసం ఎదురుచూసేవారు.

రెండో రోజు పొద్దున ఎగ్మూరు. మ్యూజియం ఆవరణలోని కన్నెమరా గ్రంథాలయానికి 1890లో గవర్నరు కన్నెమరా ప్రభువు శంకుస్థాపన చేశాడు. 1896 డిసెంబరులో అది తెరుచుకుంది. రంగుటద్దాల కిటికీలు, టేకు చెక్కడాలు, ఎత్తైన కమాను కప్పు ఉన్న ఆ పాత హాలు చూసి తీరవలసిందే. పక్కన తర్వాత కట్టిన భవనంలో రోజువారీ చదువు సాగుతుంది.

అందం కన్నా నాకు ముఖ్యమనిపించింది వేరే ఉంది. 1954లో వచ్చిన పుస్తకాల సమర్పణ చట్టం ప్రకారం భారతదేశంలో ఎక్కడ ఏ భాషలో పుస్తకం అచ్చయినా ప్రచురణకర్త కొన్ని ప్రతులు నిర్ణీత గ్రంథాలయాలకు పంపాలి. ఒకటి కలకత్తా జాతీయ గ్రంథాలయానికి. మిగిలినవాటిలో ఈ కన్నెమరా ఒకటి. 1956లో చేసిన సవరణతో పత్రికలూ దాని కిందికి వచ్చాయి. అంటే విజయవాడలో అచ్చయిన నవలకూ, బరంపురంలో అచ్చయిన కవితా సంపుటికీ ఎగ్మూరులో చోటుండాలి. మన సంఘాలు వేసే ఉగాది సంచికలు, స్వర్ణోత్సవ సంచికలు ఎన్ని అక్కడికి చేరుతున్నాయో ఒక్కసారి ఆలోచించండి.

ఆ మధ్యాహ్నం కొట్టూరుపురం వెళ్ళాను. అన్నా శతజయంతి గ్రంథాలయం 2010 సెప్టెంబరు 15న ప్రారంభమైంది. 8 ఎకరాల స్థలం, 9 అంతస్తులు, 12 లక్షల పుస్తకాలు పట్టే చోటు. 2011లో దీన్ని పిల్లల ఆసుపత్రిగా మారుస్తామని ప్రభుత్వం ప్రకటించింది. పాఠకులూ రచయితలూ అభ్యంతరం చెప్పారు, హైకోర్టు స్టే ఇచ్చింది. గ్రంథాలయం గ్రంథాలయంగానే నిలిచింది. ఇక్కడ పిల్లల విభాగంలో ఒక పెద్ద కృత్రిమ వృక్షం ఉంది. దాని చుట్టూ చేరి పసివాళ్ళు బొమ్మల పుస్తకాలు తిరగేస్తూంటే తల్లులు గోడవారగా కూర్చుని ఉన్నారు. చూపులేని వారికి బ్రెయిలీ విభాగం ఉంది. సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకునేవారికి ప్రత్యేకంగా ఒక హాలు ఉంది.

ఆ హాలు చూశాక నాకు ఆధునిక గ్రంథాలయం అన్న మాటకు అర్థం తెలిసింది. అక్కడ కూర్చున్నవాళ్ళలో చాలామంది పోటీ పరీక్షలకు చదువుతున్న పిల్లలు. వాళ్ళకు కావలసిన పుస్తకం వాళ్ళ సంచిలోనే ఉంది. ఇంట్లో లేనిది చోటు. ఒంటిగది ఇంట్లో టీవీ, చెల్లెలి ఏడుపు, అతిథుల రాకపోకల మధ్య చదవలేనివాడికి ఒక బల్ల, ఒక దీపం, చుట్టూ తనలాగే చదువుకునే నలుగురు. తిరుత్తణి నుంచి వచ్చిన ఒక కుర్రాడు నాతో తెలుగులోనే మాట్లాడాడు. "ఇక్కడ కూర్చుంటే నేనూ చదువుకునేవాణ్ణే అనిపిస్తుందండీ" అన్నాడు. ఆ మాటకు వెల కట్టలేం.

ఈ భవనంలోనే ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం కూడా ఉంది. 1869లో పుట్టిన ఆ సంస్థ చాలాకాలం చేపాక్కంలో ఉండి ఇక్కడికి వచ్చింది. కల్నల్ కాలిన్ మెకంజీ పోగుచేసిన కైఫీయతులూ, సి.పి. బ్రౌన్ దొర సొంత డబ్బు పెట్టి పండితుల చేత రాయించిన తెలుగు కావ్యాల ప్రతులూ ఈ సంస్థ సంపదలోనివే. మెకంజీకి కుడిభుజంగా పనిచేసినవారు కావలి బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య, ఏలూరు సోదరులు. కింద కొత్త పరీక్షలకు చదివే పిల్లలు, పైన రెండు వందల ఏళ్ళ నాటి తెలుగు రాతలు. ఒకే కప్పు కింద రెండూ ఉండడం నాకు సంతోషంగా అనిపించింది.

ఇక్కడ కాస్త నా వృత్తి మాట చెప్పనివ్వండి. ఈ గ్రంథాలయానికి దగ్గర్లోనే మద్రాసు ఐ.ఐ.టి. ఉంది. అక్కడ ఇంజనీరింగు చదివిన ఎ. పరశురామన్ గారు తర్వాత అమెరికాలో ఆచార్యులై, మరి ఇద్దరితో కలిసి సేవల నాణ్యతను కొలిచే పద్ధతి ఒకటి తయారుచేశారు. 1988లో వచ్చిన దాని పేరు సర్వ్‌క్వాల్. వాళ్ళు మొదట పరిశీలించిన వ్యాపారాల్లో బ్యాంకింగు ఒకటి. మా శిక్షణ తరగతుల్లో దాన్ని పాఠంగా చెబుతారు. 2000 సంవత్సరం నుంచి అమెరికాలో విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు అదే పద్ధతిని మార్చుకుని లిబ్‌క్వాల్ అనే పేరుతో వాడుకుంటున్నాయి. అందులో ప్రతి ప్రశ్నకూ మూడు గడులు ఉంటాయి. కనీసం ఎంత ఉండాలి, ఎంత ఉంటే బాగుంటుంది, ఇప్పుడు ఎంత ఉంది. మూడో అంకె మొదటి రెండింటి మధ్య ఉంటే పాఠకుడు సర్దుకుపోతాడు. కనీసం కన్నా తగ్గితే ఫిర్యాదు వస్తుంది. ప్రశ్నలన్నీ మూడు గుంపులు: సిబ్బంది ఆదరణ, కావలసిన సమాచారం స్వయంగా వెతుక్కోగలగడం, కూర్చునే చోటు.

నేను మెచ్చుకున్నది ఆ మూడు గడులను. "మా సేవ మీకు నచ్చిందా?" అంటే మర్యాదస్తులు "బాగుంది" అంటారు. పెళ్ళి భోజనం ఎలా ఉందని అడిగితే ఎవరైనా మరో మాట అంటారా? "కనీసం మీకేం కావాలి?" అని అడిగితే గాని అసలు సంగతి బయటికి రాదు.

మూడో రోజు మా అమ్మాయి విశ్వవిద్యాలయానికి వెళ్ళాను. దాని పేరు చెప్పడం మర్యాద కాదు. ఇలాంటివి దేశమంతటా ఉన్నాయి. లోపలికి అడుగుపెట్టగానే చల్లగాలి, రంగురంగుల సోఫాలు, గాజు గదుల్లో గుంపులుగా చర్చించుకునే పిల్లలు, కంప్యూటర్ల వరుస. మా అమ్మాయి తన స్నేహితులను పిలిచింది. పదిమందో పన్నెండుమందో వచ్చారు. కాగితం మీద మూడు గడులు గీసి ఒక్కొక్కరినీ అడిగాను. దీన్ని సర్వే అనడానికి వీల్లేదు, కబుర్లు అనుకోండి. కాని బ్యాంకు కౌంటరు ముందు ముప్పయ్యేళ్ళు గడిపినవాడికి ఎదుటివారి మాటలో బరువు తెలుస్తుంది.

సోఫాలను గురించి ఎవరూ గొప్పగా చెప్పలేదు. మొదటి వారం బాగుంటాయట. గంటసేపు నోట్సు రాయాలంటే గట్టి బల్ల, నిటారు కుర్చీయే కావాలట. కనీసం గడిలో ఎక్కువమంది చెప్పినవి చిన్న చిన్న విషయాలు. ల్యాప్‌టాప్ పెట్టుకునేందుకు ప్లగ్గు పాయింటు, తాగడానికి నీళ్ళు, పరిశుభ్రమైన మరుగుదొడ్డి, పరీక్షల ముందు రాత్రి పొద్దుపోయేదాకా తలుపులు తెరిచి ఉండడం. ఆడపిల్లలు ఇంకొకటి కలిపారు, చీకటి పడ్డాక హాస్టలుదాకా దారిలో దీపాలు. చర్చల గదులు కావాలని సగంమంది, వాటి గోల మా దాకా వస్తోందని సగంమంది. ఒకే హాలులో రెండు రకాల చదువులు కుదరవు. మాట్లాడుకునే చోటూ, మాట్లాడకూడని చోటూ విడివిడిగా ఉండాలి. వీటిల్లో ఖర్చుతో కూడినవి తక్కువ, శ్రద్ధతో కూడినవి ఎక్కువ. పునాదిరాయి మీద పేరు వేయించుకోవడానికి ప్లగ్గు పాయింటు పనికిరాదు కనుక కాబోలు, అవి వెనకబడిపోతాయి.

అంతా అయ్యాక, "తెలుగు పుస్తకాలు ఉన్నాయా?" అని అడిగాను. మా అమ్మాయికి తెలియదు. కంప్యూటరులో వెతికాం. 'కన్యాశుల్కం' అని కొడితే లేదంది. పేరును ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు కాబట్టి ఎక్కించినవారు ఎలా రాశారో మనమూ అలాగే కొట్టాలి. నాలుగో ప్రయత్నంలో దొరికింది. పుస్తకం కింది అంతస్తులో, మెట్ల పక్కన ఒక ఇనుప బీరువాలో ఉంది. రెండు వందల పుస్తకాల దాకా ఉంటాయి. కొన్నింటికి అట్టలు ఊడాయి. అయినా వరుస తప్పకుండా పేర్చి ఉన్నాయి.

అక్కడి ఉద్యోగి పెద్దాయన, తమిళుడు, చాలా మర్యాదస్తుడు. "వచ్చే ఏడాది ఈ బీరువాను గోడౌనుకు పంపుతారు సార్. ఇక్కడ ఇంకో పది సీట్లు వేస్తారట. ఏళ్ళుగా ఎవరూ ఒక్క పుస్తకం అడగలేదు, రికార్డులో సున్నా ఉంది. నేను మాత్రం ఏం చెప్పను?" అన్నాడు.

ఆయన తప్పేమీ లేదు. పది సీట్లు అడిగినవాళ్ళు మా పిల్లలే. మా అమ్మాయి కూడా వాళ్ళల్లో ఒకతె. స్థలం పరిమితం, అడిగేవారు ఉన్నదానికే చోటు. బ్యాంకులో కూడా ఇంతే. రెండేళ్ళపాటు ఖాతాదారు ఏ లావాదేవీ చేయకపోతే ఆ ఖాతాను నిష్క్రియ ఖాతా అంటాం. పదేళ్ళయితే ఆ సొమ్ము 2014లో ఏర్పాటైన నిధి కింద రిజర్వు బ్యాంకుకు వెళ్ళిపోతుంది. సొమ్ము ఖాతాదారుదే, హక్కు పోదు, వచ్చి అడిగితే ఇస్తారు. కాని అడగడానికి మనిషి ఉండాలి. ఖాతా మళ్ళీ నడవాలంటే పెద్ద మొత్తం అక్కర్లేదు, సరైన పత్రాలతో వచ్చి ఒక చిన్న లావాదేవీ చేస్తే చాలు.

"అమ్మా, నీ కార్డు మీద ఒకటి తీసుకో" అన్నాను.

మా అమ్మాయి తెలుగు చక్కగా మాట్లాడుతుంది, చదవడం మాత్రం కూడబలుక్కునే. తమిళనాట 2006లో వచ్చిన చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయ్యాక మన పిల్లల్లో చాలామందికి తెలుగు అక్షరాలు ఇంట్లో నేర్పితేనే వచ్చాయి. ఆదివారాలు వాళ్ళ నాయనమ్మ పలక మీద దిద్దించినదే మా అమ్మాయి తెలుగు చదువు. అది 'కన్యాశుల్కం' చేతిలోకి తీసుకుని వెనక అట్టలో అంటించిన చీటీ చూసింది. చివరి తేదీ ముద్ర 1998ది. "నాన్నా, నేను పుట్టకముందు ఎవరో తీసుకున్నారు" అంది. పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని, ముద్ర వెతికి తెచ్చి, ఆ తేదీ కింద ఇవాళ్టి తేదీ వేశాడు. కంప్యూటరులో కూడా ఎక్కించాడు. సున్నా ఒకటి అయింది.

రంగనాథన్ గారి మూడో సూత్రం నాకు బోధపడింది అక్కడే. ఆ పుస్తకం పాతికేళ్ళకు పైగా తన పాఠకుడి కోసం కాచుకుని ఉంది. పాఠకుడు అదే భవనంలో, పై అంతస్తులో, చల్లటి గదిలో కూర్చుని ఉన్నాడు. ఇద్దరినీ కలపడానికి కొత్త సోఫాలు సరిపోవు. తెలుగు లిపిలో వెతుక్కోగల పట్టిక ఒకటి, 'తెలుగు పుస్తకాలు ఇటు' అని ఒక బాణం గుర్తు, అడిగే నోరు ఒకటి కావాలి. మొదటి రెండింటి కోసం ఆ గ్రంథాలయాధికారికి ఒక ఉత్తరం రాసి ఇచ్చాను. మా అమ్మాయీ, తెలుగు వచ్చిన మరో నలుగురు పిల్లలూ సంతకాలు చేశారు. వాళ్ళలో ఇద్దరు హోసూరువాళ్ళు, ఒకమ్మాయి తిరువళ్ళూరు, ఒక అబ్బాయి కోయంబత్తూరు. రెండేళ్ళుగా ఒకే తరగతిలో ఉన్నా, ఇంట్లో తెలుగే మాట్లాడతామన్న సంగతి ఒకరిది ఒకరికి ఆ రోజే తెలిసింది! బీరువా ఉంటుందో గోడౌనుకు వెళ్తుందో నేను చెప్పలేను. నెల తిరిగేసరికి వాళ్ళు ఎనిమిది పుస్తకాలు తీసుకున్నారని మా అమ్మాయి ఫోను చేసింది. 'కన్యాశుల్కం'లో మొదటి అంకం పూర్తయిందట. గిరీశం ఇంగ్లీషే తనకు తేలిగ్గా ఉందని నవ్వింది.

గ్రంథాలయాలను కొత్తగా చేయడం మంచిదే. తిరుత్తణి కుర్రాడికి ఆ హాలు లేకపోతే చదువే లేదు. చోటు వద్దని పుస్తకాల వైపు నిలబడడం నాకు ఇష్టం లేదు, పుస్తకం వద్దని చోటు వైపు నిలబడడమూ ఇష్టం లేదు. అయితే గ్రంథాలయంవారు తృప్తిని కొలిచేటప్పుడు లోపల కూర్చున్నవారినే అడుగుతారు. అడగని భాషకు గడి ఉండదు. మన గడిని మనమే నింపాలి.

కాబట్టి మన సభ్య కుటుంబాలకు నా మనవి ఇది. బెంగళూరు కానివ్వండి, బరంపురం కానివ్వండి, షోలాపూరు, యానాం కానివ్వండి, మీ పిల్లలు చదివే కళాశాలకో విశ్వవిద్యాలయానికో వెళ్ళినప్పుడు గ్రంథాలయంలో ఒక తెలుగు పుస్తకం అడగండి. ఉంటే పిల్లల కార్డు మీద తీసుకోండి, లేకపోతే అడిగినట్టు కాగితం మీద రాసి ఇవ్వండి. సెలవులకు చెన్నై వస్తే కన్నెమరా పాత హాలు, కొట్టూరుపురంలో పిల్లల చెట్టు చూపించండి. మన సంఘం కార్యదర్శిగారు ప్రతి సంచికా అచ్చయిన వెంటనే చట్టం చెప్పిన గ్రంథాలయాలకు ప్రతులు పంపితే మరీ మంచిది. పోస్టు ఖర్చు కింద ఈ ఏటికి నా వంతు చందా ఈ వ్యాసంతో పాటే పంపిస్తున్నాను.